విరిగిన కాలికి ఎగ్జిబిట్ నంబర్

మోటారు ప్రమాదాల ట్రైబ్యునల్‌లో బస్సు తరఫున దాఖలయ్యే కౌంటర్లు ఓ పది వరసగా చదివితే, ఈ దేశంలో బస్సు ప్రమాదాలే జరగవని ఎవరికైనా నమ్మకం కుదురుతుంది. మొదటి పేరాలో అసలు ప్రమాదమే జరగలేదని ఉంటుంది. రెండో పేరాలో, జరిగినా అందులో తమ బస్సు లేదని. మూడో పేరాకొచ్చేసరికి బస్సు ఉంటుంది గానీ, డ్రైవర్ నెమ్మదిగా, రోడ్డుకు ఎడమ పక్కనే, హారన్ కొట్టుకుంటూ పోతుంటాడు. నాలుగో పేరాలో తప్పు ఎదురొచ్చిన లారీది. లారీ లేకపోతే ఆటోది. ఏదీ దొరక్కపోతే పిటిషనర్‌ది. ఆ తర్వాత పిటిషనర్‌కు గాయాలే కాలేదు. అయినా అవి మామూలు గాయాలు. చివరికి, అడిగిన పరిహారం 'అత్యధికం, ఊహాజనితం, నిరాధారం'.

ఇంట్లో పచ్చడి జాడీ పగలగొట్టిన పిల్లాడు ఇదే వరసలో మాట్లాడితే వీపు మోగుతుంది. కోర్టులో దీన్ని ప్రత్యామ్నాయ వాదన అంటారు, ఫీజు కూడా ఇస్తారు. పైగా ఈ కౌంటర్ రాయడానికి ప్రమాదం గురించి తెలియాల్సిన అవసరం పెద్దగా లేదు. ఓ.పి. నంబరు, బస్సు నంబరు మారిస్తే చాలు.

కిటికీ పక్క సీటు దొరికినవాళ్ల మీద ఈ కౌంటర్లకు ప్రత్యేకమైన ప్రేమ. మోచెయ్యి బయట పెట్టాడు కాబట్టి తప్పు అతనిదే అంటారు. మధ్యప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ మీద నడిచిన ఒక పాత కేసులో ఓ అమ్మాయి కిటికీ అంచున మోచెయ్యి ఆనించుకుని కూర్చుంది, ఎదురొచ్చిన లారీ గీరుకుపోయింది. ప్రయాణికులు అలా కూర్చోవడం మామూలేననీ, ఆ సంగతి తెలిసి బండి నడపాల్సింది డ్రైవరేననీ 1970లలోనే అక్కడి హైకోర్టు తేల్చింది. యాభై ఏళ్లు దాటినా మోచెయ్యి ఇంకా కౌంటర్లలోంచి లోపలికి రాలేదు.

1988 మోటారు వాహనాల చట్టం ఈ ట్రైబ్యునళ్లను, సివిల్ కోర్టుల్లా సాగదీయకుండా క్లుప్తమైన విచారణతో తేల్చమంది. బాధితుడికి సౌకర్యాలూ ఇచ్చింది. ప్రమాదం జరిగిన చోటే కేసు వేయక్కర్లేదు, తను ఉంటున్న ఊళ్లోనూ వేసుకోవచ్చు. నెల్లూరు దగ్గర దెబ్బ తగిలిన శ్రీకాకుళం మనిషి శ్రీకాకుళంలోనే పిటిషన్ వేసుకోవచ్చు. అంతవరకూ చక్కగానే ఉంది. కేసుకు ఎం.వి.ఓ.పి. నంబరు పడిన దగ్గర్నుంచి మనిషి మాత్రం పి.డబ్ల్యు.1, అంటే పిటిషనర్ తరఫు మొదటి సాక్షి, అయిపోతాడు. ఎఫ్‌ఐఆర్ ఎగ్జిబిట్ ఏ-1, ఛార్జిషీటు ఏ-2, ఊండ్ సర్టిఫికెట్ ఏ-3, ఆ వెనక డిశ్చార్జి సమ్మరీ, మందుల బిల్లులు, ఎక్స్‌రేలు. కర్ర ఊతంతో బోనెక్కి నిలబడ్డ కాలు సాక్ష్యం కాదు. కవర్లో ఉన్న దాని ఫొటో సాక్ష్యం.

అందుకే కేసు సగం గెలిచేదీ ఓడేదీ క్యాజువాలిటీలో. పోలీసుల గొడవెందుకని ఇంట్లోవాళ్లు డ్యూటీ డాక్టర్‌తో 'కింద పడ్డాడండీ' అంటారు. ఆయన అదే రాసుకుంటాడు. మూడేళ్ల తర్వాత అవతలి వకీలు ఆ రెండు మాటలనూ తాళపత్రం దొరికినంత సంబరంగా చదివి వినిపిస్తాడు. బస్సు ప్రమాదమనీ, బస్సు నంబరు ఫలానా అనీ చెప్పి మెడికో లీగల్ కేసుగా రాయించుకుంటే ఆ సంబరం తప్పుతుంది. ఎఫ్‌ఐఆర్ ఆలస్యమైతే మాత్రం మరీ కంగారు పడక్కర్లేదు. అయినవాడు రక్తం మడుగులో ఉంటే జనం ముందు ఆస్పత్రికి పరిగెత్తుతారుగానీ స్టేషన్‌కు కాదని, ఆ ఒక్క కారణంతో క్లెయిమును అనుమానించకూడదని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. మనుషులు ఇలా ప్రవర్తిస్తారని చెప్పడానికి కూడా సుప్రీంకోర్టే కావాల్సి వచ్చింది.

టికెట్ దాచుకోవడం మంచిదే. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక, 'జీరో టికెట్ కదా, పరిహారం కూడా జీరోనే' అని రచ్చబండ దగ్గర తీర్పిచ్చేవాళ్లు బయల్దేరారు. చట్టంలో అలాంటి మాటేదీ లేదు. ఆ బస్సులో ఉన్నట్టు చూపడానికి టికెట్ పనికొస్తుంది, దాని మీద ఎన్ని రూపాయలు అచ్చయ్యాయన్నది పరిహారానికి అక్కర్లేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన నిబంధనల ప్రకారం ఈ తిప్పలేవీ ఉండకూడదు. ప్రమాదం జరిగిన 48 గంటల్లో పోలీసులు తొలి నివేదికను, 90 రోజుల్లో వివరమైన నివేదికను ట్రైబ్యునల్‌కు పంపాలి. ఆ నివేదికనే పరిహారం పిటిషన్‌గా తీసుకోవచ్చు. బాధితుడికి అతని హక్కులేమిటో చెప్పే ఫారం కూడా పోలీసులే ఇవ్వాలి. ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ బస్సు కేసు ఒకటి చూస్తూ 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు దీన్ని అక్షరాలా అమలు చేయమంది. ఆ ఫారం చేతికందిన బాధితుడు ఎక్కడైనా కనిపిస్తే అతన్నే ఎగ్జిబిట్‌గా మార్క్ చేయించవచ్చు. ఆ నిబంధనల వెనకున్న చట్ట సవరణ వెంట ఇంకో కానుక కూడా వచ్చింది: ఆరు నెలల్లో పిటిషన్ వేయాలి. 1994లో బాధితుల మీద దయతలచి గడువునే ఎత్తేసిన పార్లమెంటు, పాతికేళ్ల తర్వాత మళ్లీ తెచ్చిపెట్టింది. తొడ ఎముకకు రాడ్ వేయించుకున్నవాడు కోర్టు మెట్లెక్కగలిగేసరికి పట్టేదీ సుమారు ఆరు నెలలే. ఆ గడువును సవాలు చేసినవాళ్లు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. ఎవరైనా మొదటి నెలలోనే వేసేయడం క్షేమం.

వైద్యానికి 2025 మే నుంచి నగదు రహిత పథకం ఉంది. లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల వరకు. ఎముకలకు గెజిట్ చదివే అలవాటు లేదు కాబట్టి అవి ఎనిమిదో రోజున కూడా విరిగే ఉంటాయి.

నొప్పికి ఖరీదు కట్టడంలో మన చట్టానికి ఘనమైన చరిత్ర ఉంది. 1994లో ఒక పట్టిక తెచ్చారు. అందులో తీవ్రగాయం నొప్పికి 5,000 రూపాయలు, మామూలు గాయం నొప్పికి 1,000. వైద్యం ఖర్చు ఎంతైనా 15,000 దాటకూడదు. శిక్షాస్మృతి లెక్కన ఎముక విరిగినా పన్ను విరిగినా తీవ్రగాయమే కాబట్టి, ముందు పన్నుకీ తొడ ఎముకకీ ఒకటే రేటు. సంపాదన లేనివారి ఏడాది ఆదాయం 15,000 అన్నారు. ఆ పట్టికలో లెక్కలే తప్పని 1996లో ఇంకో ఉత్తరప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఉదాహరణతో సహా చూపించింది: చనిపోయిన పదిహేనేళ్లవాడి ఆదాయం ఏడాదికి 3,000, గుణకం 15, అంటే 45,000.  పట్టికలో మాత్రం 60,000 అని ఉంది. ఎనిమిదో తరగతి పిల్లలు దిద్దగలిగిన ఈ లెక్కను దిద్దకుండా 2018 దాకా అలాగే ఉంచారు. ధరలు ఎక్కడికి పోయినా నొప్పి మాత్రం ఇరవై నాలుగేళ్లు అదే ధరకు దొరికింది.

ఆ పట్టికను పక్కనబెట్టి సరైన గుణకాలు ఖరారు చేసినది కూడా బస్సు కేసే, ఢిల్లీ ట్రాన్స్‌పోర్ట్ కార్పొరేషన్ మీద సరళా వర్మ వేసినది. ప్రమాదం 1988 ఏప్రిల్ 18న. సుప్రీంకోర్టు తీర్పు 2009 ఏప్రిల్ 15న. ఇరవై ఒక్క ఏళ్లు నిండటానికి ఇంకా మూడు రోజులుండగానే న్యాయం అందింది.

గాయపడి బతికినవాడి లెక్క ఇంకా చిత్రం. చనిపోయినవాడి విషయంలో వయసు, జీతం చూస్తారు. బతికినవాడు ఎంత శాతం బతికాడో చూడాలి. డాక్టర్ కాలికి 40 శాతం వైకల్యం అని రాస్తాడు. అది కాలికా, మొత్తం ఒంటికా అని క్రాస్ ఎగ్జామినేషన్లో అడుగుతారు. మొత్తం ఒంటికైతే మూడో వంతు చాలునంటారు. ఒంటి శాతం వేరు, సంపాదన శాతం వేరని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు విడమరచి చెప్పింది. ఎడమ చెయ్యి పోతే వడ్రంగికి, డ్రైవర్‌కు బతుకుతెరువు మొత్తం పోయినట్టే, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగం నిలబడవచ్చు అంది. (గుమాస్తాలు నొచ్చుకున్న దాఖలాలు లేవు.)

అయినా కర్ణాటకకు చెందిన ఒక కూరగాయల వ్యాపారి కేసు చూడాలి. కుడికాలు మోకాలి దాకా తీసేశారు. కూరగాయలు ఒకచోట కూర్చుని అమ్మేవే కదా, కాలుతో పనేముంది అన్న తర్కం పైకోర్టు దాకా నడిచింది. పొద్దున్నే మార్కెట్‌కు వెళ్లి సరుకు తెచ్చుకుంటేనే కదా కూర్చుని అమ్మేది అని 2014లో సుప్రీంకోర్టు గుర్తు చేయాల్సి వచ్చింది. తోపుడు బండివాడిని ఆదాయానికి కాగితం చూపించమనడం కూడా తగదంది, నెలకు 6,500గా లెక్కగట్టింది. రైతుబజారులో తెల్లవారుజామున అయిదింటికి నిలబడితే అర్థమయ్యే సంగతి దేశ అత్యున్నత న్యాయస్థానం దాకా ప్రయాణం చేసింది, అదీ ఒంటికాలితో.

ఇక గృహిణి. 'ఆదాయం' అన్న గడిలో గుమాస్తా 'ఏమీ లేదు' అని రాస్తాడు. ఆవిడ మంచం పట్టాక వంటమనిషికి, పనిమనిషికి ఎంతవుతుందో ఇంటాయన్ను అడిగితే ఆ గడి ఎలా నింపాలో తెలిసేది. 2021లో కీర్తి కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన తీర్పులో ప్రభుత్వ సర్వేనే ముందు పెట్టారు. జీతం లేని ఇంటి పని మీద ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ 97 నిమిషాల సంగతి విని ఆశ్చర్యపోయిన ఇల్లాళ్లు చాలామందే ఉంటారు.

సరే, ఈ లెక్కలన్నీ వకీలు చూసుకుంటాడు. వకీలును వెతుక్కోనవసరం కూడా లేదు. కట్టు కట్టేలోపే వార్డులో ఒక పెద్దమనిషి మంచం పక్కన ప్రత్యక్షమవుతాడు. 'పైసా ఖర్చు లేదు బాబాయ్, అంతా మేం చూసుకుంటాం, వచ్చినదాంట్లో వాటా ఇద్దువుగాని' అంటాడు. ఆ బాబాయికి తెల్లకాగితాల మీద సంతకాలు పెట్టడమే మిగులుతుంది. కేసు ఫలితంలో వాటా తీసుకోకూడదని బార్ కౌన్సిల్ నియమాలు స్పష్టంగానే చెబుతున్నాయి. ఆ నియమం ఎంత బాగా అమలవుతోందో హైదరాబాద్ కేసు ఒకటి చెబుతుంది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న మహిళ పరిహారం తెచ్చుకుని, వకీలుకు పది లక్షలు ఇచ్చింది. చాలదని ఆ వకీలు ఇంకో మూడు లక్షలకు చెక్కు రాయించుకుని, అది చెల్లకపోతే ఆమె మీదే చెక్ బౌన్స్ కేసు పెట్టాడు. శాతం లెక్కన ఫీజు అడగడం చట్టవిరుద్ధమని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ కేసును కొట్టేసింది. పరిహారం కేసులో గెలిచి ముద్దాయి కావడమంటే ఇదే.

ఉచితంగా వకీలును ఇచ్చే సంస్థ ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోనూ ఉంది. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేదు. ఫోన్ నంబరు 15100. ఈ నంబరు ఆ సంస్థ గోడ మీద పెద్దక్షరాలతో ఉంటుంది. వార్డులో మంచం పక్కకు మాత్రం ఆ పెద్దమనిషే ముందు చేరతాడు.

ఎవరు కట్టాలన్నది మరో వినోదం. ప్రభుత్వ రవాణా సంస్థలు సొంత నిధి పెట్టుకుంటే బీమా నుంచి మినహాయింపు పొందవచ్చు, కాబట్టి ఆర్టీసీ సొంత బస్సయితే ఆర్టీసీయే కట్టాలి. అద్దె బస్సయితే యజమాని ఒకరు, రంగు ఇంకొకరిది, బీమా మరొకరిది. ముగ్గురూ వేళ్లు చూపించుకుంటుంటే, అలాంటి బస్సుకు బీమా కంపెనీయే బాధ్యత వహించాలని 2011లో సుప్రీంకోర్టు తేల్చింది. ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్ అయితే ఇంకా దూరం పోవాలి. హైదరాబాద్-బెంగళూరు మధ్య తిరిగే బస్సుకు నాగాలాండ్‌లోనో అరుణాచల్‌లోనో రిజిస్ట్రేషన్ ఉంటుంది. అంత దూరం నుంచి నోటీసు అందుకుని వచ్చే యజమాని ట్రైబ్యునల్ గదిలో అరుదైన అతిథి. పర్మిట్ నిబంధన తప్పారు కాబట్టి మేం కట్టం అంటుంది బీమా కంపెనీ. ముందు బాధితుడికి కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు చెబుతుంటాయి.

పెద్ద ప్రమాదాలకైతే వేరే మర్యాద. 2013 అక్టోబరులో పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది, 2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాట్‌లో ఆర్టీసీ బస్సు పడి 60 మందికి పైగా పోయినప్పుడు మంత్రులొచ్చారు, ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. ఆ చెక్కు చట్టప్రకారం వచ్చే పరిహారం కాదు, ట్రైబ్యునల్ దారి అలాగే మిగిలి ఉంటుంది. ఇద్దరికి కాళ్లు విరిగిన ప్రమాదానికి జిల్లా పేజీలో నాలుగు లైన్లు వస్తాయి.

వాయిదాలకు విసిగినవాడి కోసం లోక్ అదాలత్ ఉంది. కొందరికి అది నిజంగానే మేలు, డబ్బు త్వరగా వస్తుంది. కానీ అక్కడి అవార్డుకు అప్పీలు లేదు. 'ఎనిమిది లక్షలు రావచ్చు, ఎప్పుడో తెలీదు, ఇప్పుడైతే నాలుగు' అనే బేరంలో తొందర ఎవరికుందో బల్లకు రెండు వైపులా తెలుసు. రాజీ పడకుండా గెలిచినవాడి మీద హైకోర్టులో ఎం.ఎ.సి.ఎం.ఎ. అనే అప్పీలు పడుతుంది. పది లక్షల అవార్డు మీద అప్పీలుకు చట్టం కట్టమన్న డిపాజిట్ పాతికవేలు. అదీ దాటితే అమలు పిటిషన్, అదీ దాటితే కోర్టు అమీనా బస్టాండుకు వచ్చి బస్సును జప్తు చేస్తాడు. నోటీసులకు కదలని సంస్థ, ప్లాట్‌ఫారం మీద బస్సు ఆగితే మాత్రం చురుగ్గా చెక్కు రాస్తుంది.

చెక్కు వచ్చినా చేతికి రాదు. చదువురాని బాధితులను మోసగాళ్ల బారినుంచి కాపాడేందుకు 1993లో కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమని సూచించింది. ఉద్దేశం మంచిది. ట్రైబ్యునళ్లు దాన్ని అందరికీ ఒకే తీరున వాడుతున్నాయని 2012లో అదే కోర్టు చిరాకు పడింది. 2025లో సొమ్మును నేరుగా బాధితుల ఖాతాల్లో వేసే పద్ధతి పెట్టమంది. ట్రైబ్యునళ్లలో ఎవరూ తీసుకోకుండా పడివున్న కోట్ల రూపాయల గురించి అదే ఏడాది ఆదేశాలిచ్చి, ఆ మనుషులను వెతికిపట్టుకోమంది. ఈలోగా కాలులోని రాడ్ తీయించుకోవాలనుకున్న మన పి.డబ్ల్యు.1 తన డిపాజిట్‌లోంచి అరవై వేలు విడుదల చేయమని పిటిషన్ వేస్తాడు. దానికి డాక్టర్ అంచనా చీటీ, పాస్‌బుక్ నకలు, తాజా ఎక్స్‌రే జత చేయాలి. పాతది ఇప్పటికే మార్క్ అయింది కాబట్టి చెల్లదు.