ముందు సీటుకు సెన్సారేదీ?

అమీర్‌పేట సిగ్నల్. ఆటో అడ్డొచ్చింది. డాడీ నోరు తెరిచేలోపే వెనక సీట్లోంచి యూకేజీ పుత్రరత్నం ఆ మాట అందించేశాడు. ఒత్తులతో సహా, ఒక్క తప్పు లేదు. అఆలు రావడానికి ఆర్నెల్లు పట్టిన బుర్రే మరి!

"ఛీ, ఈ స్కూల్లో ఇవే నేర్పుతున్నారు" అని డాడీ తీర్పు. అప్పుడు అమ్మ చూసిన చూపు ఇక్కడ అచ్చువేయలేం.

సినిమాలకైతే 2023 చట్ట సవరణతో యూఏ 7+, 13+, 16+ అని మెట్లు కట్టారు. శాసనసభలో నోరు జారితే స్పీకర్ రికార్డుల్లోంచి తీయించేస్తారు. ఐదేళ్లవాడి బుర్రలో ఆ సదుపాయం లేదు.

మొన్న పండక్కి చుట్టాలందరి ముందూ అమ్మమ్మ అడిగింది: "డాడీ దగ్గర ఏం నేర్చుకున్నావో చెప్పు నాన్నా!"

చెప్పాడు.