ఫ్యాను సూత్రము: టీకా తాత్పర్య సహితము

మూలము:
3 × 9¼ × 9

అవతారిక: ఉప్పాడ ఇసుకలో ఒక ఫైబరు తెప్ప. దాని వెనక చెక్కకు 9.9 హార్స్‌పవర్ ఔట్‌బోర్డు ఇంజను. రాయి తగిలి ఫ్యాను రెక్క విరిగింది. తెప్ప నడిపే తండేలు కాకినాడ వెళ్ళి, కొత్తది ఏది వెయ్యాలని కొట్టులో అడిగితే, కొట్టతను మారుమాట లేకుండా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాని నాభి మీద పోతలోనే అచ్చుపడి ఉన్న పై మూడంకెలే మన సూత్రం. కర్త పేరు తెలియదు. పొదుపును బట్టి ఇంజనీరై ఉంటాడని ఊహ. కాళిదాసుకు వ్యాఖ్య రాసిన కోలాచల మల్లినాథసూరి మూలంలో లేనిదేదీ రాయనని ఒట్టు పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి ఆ ఒట్టు కుదరదు. ఈ సూత్రంలో అసలు సంగతి మూలంలోనే లేదు.

ప్రతిపదార్థము: 3 = మూడు రెక్కలు కలదియును; 9¼ = తొమ్మిదింబావు అంగుళముల వ్యాసము కలదియును; 9 = తొమ్మిది అంగుళముల పిచ్ కలదియును; (అగు ఫ్యాను అని అధ్యాహారము). '×' అనగా ఇచట గుణకారము కాదు. గుణించి 249¾ అని జవాబు తెచ్చిన శిష్యుణ్ణి ఇంజను దగ్గరికి రానీయరాదు.

వ్యాఖ్య: మొదటి అంకె మీద పెద్ద తగువు లేదు. మూడు రెక్కలు లోకరూఢి. నాలుగు రెక్కల మతమూ ఉంది. కెరటం మీద తెప్ప వెనక భాగం లేచినప్పుడు అది నీటిని వదలకుండా పట్టుకుంటుంది, అదురు తక్కువ, పైవేగం కాస్త పోతుంది. ఇంతకన్నా దీని మీద కాగితం ఖర్చు దండగ.

రెండవ అంకె రెక్క కొనలు గీసే వృత్తానికి అడ్డకొలత. ఇది పెద్దదైన కొద్దీ ఫ్యాను ఎక్కువ నీటిని నింపాదిగా వెనక్కి తోస్తుంది. బరువు లాగే పడవకు కావలసిందీ అదే. అయితే ఇక్కడ కవికి స్వేచ్ఛ లేదు. ఫ్యాను నెత్తిన ఉండే పలకకూ షాఫ్టుకూ మధ్య ఎంత ఎడముందో అంతలోనే రెక్క తిరగాలి. అందుకే కొన్ని కంపెనీలు అదే 9.9లో 'హై థ్రస్ట్' అని వేరే శాఖ పెట్టి, గేర్లు మార్చి, ఫ్యానును నెమ్మదిగా తిప్పి, పెద్ద వ్యాసానికి చోటు చేశాయి. మామూలు శాఖవారు తొమ్మిదింబావుతో సరిపెట్టుకుంటారు.

మూడవ అంకె దగ్గరికి వచ్చేసరికి టీకాకారుడు కండువా సర్దుకుని కూర్చుంటాడు. నీరు ఏమాత్రం చెదరని గట్టి పదార్థమే అయితే, ఫ్యాను ఒక చుట్టు తిరిగేసరికి తెప్ప ముందుకు పోవలసిన దూరం 9 అంగుళాలు. నీరు గట్టిది కాదు కనక ఇది ఉత్త ప్రతిజ్ఞ. లెక్క చూడండి. ఇంజను నిమిషానికి 5000 చుట్లు తిరుగుతోంది. కింద 13 పళ్ళ గేరు 27 పళ్ళ గేరును తిప్పుతుంటే ఫ్యానుకు దక్కేది 2400 చిల్లర. చుట్టుకు 9 అంగుళాల చొప్పున తెప్ప గంటకు 33 కిలోమీటర్లు పోవాలి. వలలూ, ఐసూ, నలుగురు మనుషులూ ఎక్కాక అది 15 పోయిందనుకుందాం. మిగతా 18 ఏమైంది? జారుడు కింద పోయింది. శాస్త్రకారులు దీన్ని స్లిప్ అంటారు. ఇది దొంగతనమని కొందరి అపోహ. నీరు వెనక్కి కదలకపోతే తెప్పకు తోపే లేదు, కాబట్టి కొంత జారుడు ధర్మసమ్మతం. తేలికపాటి స్పీడు బోట్లలో అది నూటికి పదో ఇరవయ్యో. నీట్లో దిగబడి నడిచే బరువు పడవలో సగం దాటినా వింత లేదు.

పూర్వపక్షము: తండేలు బామ్మర్ది ఇలా అంటాడు. "బావా, పక్కోడు పది వేశాడు. నిన్న ఖాళీ తెప్ప ఎలా పోయిందో చూశావా? మనం పదకొండు వేసేద్దాం." పిచ్ పెరిగితే చుట్టుకు పోయే దూరం పెరుగును, కనుక వేగం పెరుగునని ఇతని మతం. పకోడీల పొట్లం విప్పుకుని ఒడ్డున కూర్చున్నవాళ్ళలో ఈ మతానికి అనుయాయులు ఎక్కువ.

ఖండనము: ఇంజను ఆ పదకొండును తిప్పగలగాలి కదా. ప్రతి ఇంజను పుస్తకంలోనూ ఫుల్ థ్రాటిల్‌లో ఇన్ని చుట్ల నుంచి ఇన్ని చుట్ల దాకా అని ఉంటుంది. మన ఇంజనుకు 5000 నుంచి 6000 అనుకుందాం. నిండు బరువుతో థ్రాటిల్ చివరిదాకా తిప్పినా అది 4600 దగ్గరే మూలుగుతోందంటే ఫ్యాను దానికి మించినదని అర్థం. ప్లగ్గు మీద మసి, వేడి, ఆనక పిస్టను: ఇదీ ఆ కథ నడిచే క్రమం. పిచ్ ఒక అంగుళం దించితే సుమారు 150 నుంచి 200 చుట్లు లేస్తాయి. 4600లో ఉన్నవాడు 9 నుంచి 7కి దిగితే 5000 అంచు అందుతుంది. పిచ్ తగ్గితే తెప్ప వేగం పుంజుకోవడం విరోధాభాసాలంకారం. అలాగని మరీ దించినా చిక్కే. ఇంజను 6000 దాటి కేకలు పెడుతుంది, తెప్ప మాత్రం అక్కడే ఉంటుంది.

చుట్లను చెవితో లెక్కపెడతామనే పండితులు రేవు రేవుకూ ఉన్నారు. వారికి నమస్కారం. చిన్న ఇంజన్లకు మీటరు రాదు కాబట్టి, ప్లగ్గు తీగకు సన్నటి వైరు నాలుగు చుట్లు చుడితే అంకె చూపే చిన్న మీటరు ఒకటి తెచ్చుకుంటే ఈ శ్రవణవిద్యతో పని ఉండదు.

సిద్ధాంతము: మూలంలో లేని నాలుగో అంకె బరువు. అది నాభి మీద ఏ కంపెనీ పోతపొయ్యదు, ఎందుకంటే అది తెప్పది. ఖాళీ తెప్పను గుండ్రంగా రెండుసార్లు తిప్పి ఫ్యాను బాగుందన్నవాడు పద్యం చదవకుండా ఆహా అన్నవాడే. వల, ఐసు, నూనె, మనుషులు, వీలైతే కోనం చేపల బరువుకు బదులు ఇసుక బస్తాలు కూడా ఎక్కించి అప్పుడు మీటరు చూడాలి. రెండు ఫ్యాన్ల మధ్య ఊగిసలాట వస్తే వేట తెప్పకు తక్కువ పిచ్‌దే తీసుకోవాలని ఈ టీకాకారుడి పక్షం. బామ్మర్దికి నచ్చదు.

ఇతిహాసము: ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ అనే ఇంగ్లీషు రైతు గొర్రెలు మేపుకుంటూ 1836లో మరఫ్యానుకు పేటెంటు తీసుకున్నాడు. రెండు పూర్తి చుట్లున్న పొడుగాటి కొయ్య మరను పడవకు బిగించి, 1837లో లండన్‌లోని పాడింగ్టన్ కాలువలో నడుపుతుంటే దేనికో తగిలి మర సగం విరిగిపోయింది. పడవ ఆగాల్సింది పోయి జోరందుకుంది. ఆయన మళ్ళీ ఒక్క చుట్టుదే చేయించుకున్నాడు. ఎక్కువ ఉంటే ఎక్కువ పోతుందనే మతానికి మొదటి ఖండనం ఆ కాలువలోనే జరిగిపోయిందన్నమాట.

పాఠాంతరము: పాత ఫ్యాన్ల నాభిని ఉప్పు తినేస్తే చివరి అంకెను కొందరు 8 అని, కొందరు 9 అని చదువుతారు. ఇంతకన్నా ప్రమాదం ప్రక్షిప్తాలతో. విరిగిన రెక్కకు ముక్క అతికించి వెల్డింగు చేయిస్తారు, వంగినదాన్ని రాతి మీద పెట్టి సుత్తితో దిద్దుతారు. అప్పుడు మూడు రెక్కలకు మూడు పిచ్‌లు వస్తాయి. ఆ అదురు సీలునూ బేరింగునూ కొరుకుతుంది. అచ్చు మీద పెట్టి కొలిచి సరిచేసే పరిష్కర్త దొరక్కపోతే కొత్త ప్రతి కొనడమే మేలు. ప్రతుల్లో అల్యూమినియం, స్టీలు అని రెండు. స్టీలు రెక్క పలచన, నీటిని చక్కగా కోస్తుంది, కానీ రాయి తగిలితే వంగకుండా దెబ్బను లోపలికి పంపుతుంది. నాభిలోని రబ్బరు బుష్ జారి కొంత కాస్తుంది, అంతా కాయలేదు. ఇసుక మీదికి తెప్పను ఎక్కించే రేవుల్లో అల్యూమినియమే నయం. రెక్క పోతే పోనీ, గేరు పోకూడదు.

విశేషము: ఫ్యాను మార్చేటప్పుడు కిల్ స్విచ్ తాడు లాగి, రెక్కకూ పలకకూ మధ్య చెక్కముక్క ఇరికించి, స్ప్లిట్ పిన్ను తీసి నట్టు విప్పాలి. వెనక ఉన్న వాషరు కూడా లాగి చూడాలి. అక్కడ నైలాన్ దారం బిగుసుకుని, వేడికి కరిగి, నల్లటి ఉంగరంలా కూర్చుని ఉంటుంది. అదే సీలును కోస్తుంది. ఆ కోతలోంచి నీరు గేర్ ఆయిల్‌లోకి చేరి, కింది స్క్రూ విప్పినప్పుడు పాలెక్కువైన టీలా కారుతుంది. అలా కారిన ఇంజనుకు 7 వెయ్యాలా 9 వెయ్యాలా అనే చర్చ అప్రస్తుతం.

ఇది సాగరతీర వాస్తవ్య టీకాకార ప్రణీతంబైన ఫ్యాను సూత్ర వ్యాఖ్యయందు ప్రథమాశ్వాసము. ద్వితీయాశ్వాసము ఆ గేర్ ఆయిల్‌ను గూర్చి. ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలై జూన్ 14 దాకా ఇంజన్లన్నీ ఒడ్డునే ఉంటాయి గనుక, అది అప్పుడు.