ముఖం కనిపిస్తే చాలు

సీబీఎస్ఈ పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌కు 2020లో ఒక కొత్త నియమం వచ్చిపడింది. ప్రతి బ్యాచ్‌కూ ఒక గ్రూప్ ఫొటో తీసి బోర్డు యాప్‌లో ఎక్కించాలి. ఫొటోలో పిల్లలంతా ఉండాలి, బయటి ఎగ్జామినర్ ఉండాలి, బడి ఎగ్జామినర్ ఉండాలి, అబ్జర్వర్ ఉండాలి. ఎక్కడ తీశారో, ఎన్ని గంటలకు తీశారో అందులోనే పడాలి. అందరి ముఖాలూ స్పష్టంగా కనిపించాలి. టెస్ట్ ట్యూబులో రంగు మారిందా లేదా అన్నది మాత్రం ఫొటోకు అక్కర్లేని సంగతి.

కెమిస్ట్రీ గొడవ కెమిస్ట్రీ వాళ్లు పడతారు. నా బెంగ ఆటల గురించి. ఆటలు కూడా అక్కడ పరీక్షే మరి. సబ్జెక్టు పేరు ఫిజికల్ ఎడ్యుకేషన్, కోడ్ నంబరు 048. పర్సంటేజీ పెంచుతుందని తల్లిదండ్రులకు దాని మీద మహా ప్రేమ. మొత్తం 100 మార్కులు. 70 కూర్చుని రాసేవి, 30 ప్రాక్టికల్. ఆ 30లో ఫిట్‌నెస్ పరీక్షకు 6, యోగాసనాలకు 7, రికార్డు బుక్కుకు 5, వైవాకు 5. ఇవన్నీ పోగా, పిల్లవాడు తనకొచ్చిన ఆట ఆడి చూపిస్తే 7. ఆడితే 7, ఆట గురించి రాస్తే 70. సున్నా ఎక్కడ చేర్చాలో బోర్డుకు బాగా తెలుసు.

మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల నుంచి విలువిద్యలో మూడు స్వర్ణాలు పట్టుకొచ్చింది. వ్యక్తిగతంగా ఒకటి, మిక్స్‌డ్ టీమ్‌లో ఒకటి, మహిళల టీమ్‌లో ఒకటి. ఆవిడే ఇవాళ ఈ పరీక్షకు కూర్చుంటే ఆ మూడింటికీ కలిపి 7కి 7. అంతకు మించి ఇవ్వడానికి బోర్డు దగ్గర లేవు. రికార్డు బుక్కులో బొమ్మ కింద కొలతలు వేయడం మరిచిపోతే మాత్రం 5లో కోత తప్పదు.

ఇక ఆ 70 మార్కుల సిలబస్ చూడండి, ముచ్చటేస్తుంది. 19 జట్లతో నాకౌట్ టోర్నమెంట్ పెడితే బైలు ఎన్ని? 13. మొత్తం మ్యాచ్‌లు? 18. మన పిల్లలు కలం ఎత్తకుండా చెబుతారు. ఆ 19 జట్లలో ఒక్కదాంట్లోనూ వాళ్లు ఉండరు. విసిరిన బంతి ఎంత దూరం పోతుందన్నది ఏయే అంశాల మీద ఆధారపడుతుందో పాయింట్లుగా రాసి, కింద స్కేలుతో గీత కూడా కొడతారు. విసరమంటే, ఎక్కడికి విసరాలి?

2009 విద్యాహక్కు చట్టం బడికి ఉండాల్సిన వాటి జాబితాలో ఆటస్థలాన్ని కూడా రాసింది. విజయవాడలో డొంక రోడ్డు నుంచి బెంజ్ సర్కిల్ దాకా గజం ధర తెలిసినవాడెవడూ ఖాళీ నేలను పిల్లల కాళ్లకు వదిలేంత అమాయకుడు కాడు. అలాగని ఆటస్థలం లేదనకండి. కాగితాల్లో ఉంటుంది. బ్రోషర్‌లో ఇంకా పెద్దది, ఇంకా పచ్చనిది ఉంటుంది. ఆ గడ్డి ఏ దేశానిదో, ఆ బంతి తన్నే పిల్లవాడు ఏ ఖండం వాడో అడగడం మర్యాద కాదు. డ్రిల్లు మాస్టారూ ఉంటారు. పొద్దున గేటు దగ్గర ఆటోలను వరసలో పెడతారు, జుట్టు పెరిగినవాళ్లను పట్టుకుంటారు, ఫీజు కట్టనివాళ్ల పేర్లు చదువుతారు. మెడలో ఈల మాత్రం తీయరు. ఫిట్‌నెస్ పరీక్షలో 600 మీటర్ల పరుగు ఉందంటారా? సెల్లార్‌లో స్తంభాల చుట్టూ ఎన్ని చుట్లు తిరిగితే 600 అవుతుందో లెక్కల మాస్టారు తేల్చేస్తారు. ఆ ఒక్క పూటకు బైకులు తీయించాలి, అంతే.

యాప్‌లో ఫొటోల విషయంలో సర్కారు బడులు మాత్రం తక్కువ తిన్నాయా? అయ్యవార్లు మరుగుదొడ్ల ఫొటోలు తీసి యాప్‌లో ఎక్కించిన రాష్ట్రం మనది. 2022 ఆగస్టులో వాళ్ల ముఖాలు కూడా యాప్‌కు చూపించమన్నారు. ఫోనుకు ఏది ముఖమో, ఏది మరుగుదొడ్డో తేడా తెలిసే ఉంటుందని ఆశిద్దాం.

ఇంగ్లండ్‌లో పదహారేళ్ల పిల్లలు రాసే జీసీఎస్ఈలోనూ ఫిజికల్ ఎడ్యుకేషన్ ఉంది. 60 శాతం రాత, 30 శాతం ఆట, 10 శాతం ఆటలో లోపాలు పట్టుకుని విశ్లేషించడం. మూడు ఆటలు చూపించాలి. జట్టుతో ఒకటి, ఒంటరిగా ఒకటి, మూడోది రెంటిలో ఏదైనా. గుర్రపుస్వారీ, స్కీయింగ్ లాంటివి బడి ఆవరణలో కుదరవు కాబట్టి వీడియో తీసి సాక్ష్యంగా చూపిస్తారు. వాళ్లకు ఆట ఉంది, అది బడికి దూరంగా ఉంది, అందుకని కెమెరా. మనకు కెమెరా ఉంది, యాప్ ఉంది, లొకేషన్ ఉంది, తీయడానికి నలుగురు మనుషులూ ఉన్నారు. పెళ్లి కాకుండానే ఆల్బమ్ చేతికొచ్చిన ఇల్లులా ఉంది మన వ్యవహారం.

మన బోర్డు ఇంకా వీడియో అడగలేదు. అడిగిన రోజున పటమట ఎలా వెలిగిపోతుందో నాకు కళ్లకు కడుతోంది. తెల్లారేసరికి ఫ్లెక్సీలు లేస్తాయి. "వీడియో లాంగ్ టర్మ్ బ్యాచ్. ఏసీ క్యాంపస్. చెమట పట్టని వాతావరణం." రిజల్ట్స్ నాడు టీవీలో ర్యాంకుల ప్రకటనల పాత గొంతే ఊపిరి తిప్పుకోకుండా "ఏడు, ఏడు, ఏడు, ఏడు, ఏడు" అని అరుస్తుంది. ముహూర్తాలు లేని మూఢంలో ఖాళీగా ఉన్న పెళ్లి వీడియోల కుర్రాళ్లకు చేతినిండా పని. డ్రోన్‌కు ఒక రేటు, స్లో మోషన్‌కు ఒక రేటు, వెనకాల సినిమా పాట కావాలంటే ఇంకో రేటు. ఒక మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఖోఖో షూటింగ్ జరుగుతుంది. అవతలి జట్టు దొరకదు గనక వాచ్‌మన్ పిల్లల్ని కూర్చోబెడతారు. వాళ్లు అసలు సంగతి తెలియక నిజంగానే ఆడేస్తారు. మనవాడికి ఆయాసం. "బాబూ, వాళ్లను కొంచెం మెల్లగా పరిగెత్తమనండి, మావాడు ఫ్రేమ్‌లోంచి పోతున్నాడు" అంటుంది తల్లి. "కట్" అంటాడు కెమెరా కుర్రాడు. వాచ్‌మన్ పిల్లలకు తలా ఒక కూల్‌డ్రింకు. వాళ్లకు మార్కులు ఉండవు, వాళ్లది వేరే బోర్డు.

ఖోఖో బాగా రాలేదు. డ్రిల్లు మాస్టారు పక్కకొచ్చి, ఈల జేబులో పెట్టుకుని, తండ్రితో మెల్లగా అంటారు.

"సార్, ఈ ఆటలన్నీ మనకొద్దు. క్రికెట్ పెట్టించండి."

"మావాడికి బ్యాట్ పట్టుకోవడం రాదండి."

"పట్టుకునేవాణ్ని నేను తెస్తాగా. హెల్మెట్ ఉంటుంది, మనిషి ఎవడో ఎవరికి తెలుస్తుంది?"

"మరి ముఖం స్పష్టంగా కనిపించాలన్నారు కదండీ?"

"ఔటయ్యాక హెల్మెట్ తీసేది మీవాడే సార్."