బోరు: వాడే విధానం

కల్లూరులో కొత్తగా కాపురం పెట్టేవాళ్లు పాలు, పేపరు, గ్యాసు సంగతులు నిదానంగా చూసుకోవచ్చు. ముందు ఒక ఇంగ్లీషు మాట నేర్చుకోవాలి. బోరు. తుంగభద్ర, హంద్రీ కలిసే కర్నూలును ఆనుకుని ఉన్నాం. 2009 అక్టోబరులో ఆ నీళ్లు పిలవకుండానే కర్నూలు ఇళ్లలోకి వచ్చాయి కూడా. అయినా మా నోళ్లలో ఏటికంటే బోరే ఎక్కువ పారుతుంది.

సలహా చెప్పడానికి నువ్వెవరని అడుగుతారు. మూడు బోర్లు వేయించి ఒక్కదాంట్లోనూ మోటారు దించనివాణ్ని. బుల్లెట్టు బండికి ఒకసారి బోరు చేయించినవాణ్ని. నేను నోరు తెరిస్తే నాలుగో బోరు మొదలైందని మా ఇంట్లో అంటారు. ఇంతకంటే అర్హత ఇంకేం కావాలి?

మొదటి సలహా: ఎవరైనా బోరు అంటే ఏ బోరని అడక్కండి. అడిగితే తెలియనివాళ్ల కింద జమకడతారు. ఎండాకాలం సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చిన మా చెల్లెలి కూతురు మూడోరోజు మధ్యాహ్నం మంచం మీద దొర్లుతూ, "బోర్ కొడుతోంది తాతా" అంది. మా నాన్న పేపరు పక్కన పెట్టినాడు. "యాడమ్మా? ఎన్నడుగులు పోయింది?" అని అడిగినాడు. "చాలా" అందా పిల్ల. అంతే, ఆయన చెప్పులేసుకుని బోరు బండి ఏ వీధిలో ఉందో వెతకడానికి పోయినాడు. మళ్లీ దీపాలు పెట్టే వేళకు వచ్చి, "సద్దయితే వినబడలేదు. నిలిపేసినట్టుండారు, నీళ్లు పడినట్టు లేదు" అన్నాడు. ఇద్దరిలో ఎవరికీ అనుమానం రాలేదు. మధ్యలో నేను దూరి అర్థం చెప్పి ఉంటే ఇద్దరికీ మంచి సాయంత్రం పాడయ్యేది.

రెండోది, మాట పుట్టుక గురించి ఎవరైనా అడిగితే వెనకాడకండి. భూమిని తొలిచే బోరు ఇంగ్లీషులో వెయ్యేళ్లనాటి పాతది. విసుగు బోరు మాత్రం 1760ల్లో ఎక్కణ్ణుంచో ఊడిపడింది, ఎక్కణ్ణుంచో నిఘంటువులు చేసేవాళ్లకే తేలలేదు. తేలలేదంటే మనకు మైదానం ఖాళీగా ఉన్నట్టే. 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చిన బ్రౌను దొర ఇక్కడి ఎండకు తాళలేక ఈ మాట పుట్టించాడని చెప్పండి. పచ్చి అబద్ధం. కానీ ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు మద్రాసులో అచ్చయింది 1852లో. అదే ఏడు మొదలైన 'బ్లీక్ హౌస్' నవలలో డికెన్సు ధనవంతుల ఇంటి విసుగుకు బోర్డమ్ అనే మాట వాడాడు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేదు. సంవత్సరం ఒకటే కాబట్టి రెండూ పక్కపక్కన పెట్టి చెబితే చాలు, వినేవాళ్లు సంబంధం వాళ్లే కలుపుకుంటారు.

బోరున ఏడవడం కూడా ఇంగ్లీషు నుంచే వచ్చిందని పిల్లలకు నేర్పండి. అది మన సొంత మాట, ఏ దొరా తేలేదు. అయితే మా వైపు ఇంగ్లీషు బోరు వెనకాలే తెలుగు బోరు ఎంత తప్పకుండా వస్తుందో చూసినవాడు ఒకటే మాట అనుకోవడంలో తప్పేముంది? ఇక బోర విరుచుకోవడం బోరు బండి రాకముందు, బోర్లా పడటం అది పోయాక. మొత్తం వ్యాకరణం ఇంతే.

వీధి చివర చేతి పంపును మేం బోరింగు అంటాం. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన అధికారి ప్రసంగం ఎట్లుందిరా అంటే పిల్లవాడు "బోరింగ్ సార్" అన్నాడనుకోండి, కొట్టకండి. బిందె ఇచ్చి పంపండి.

మెకానిక్కు "ఇంజను బోరుకొచ్చింది సార్" అంటే మాత్రం అది కాస్త బరువైన విషయం. కల్లూరు ఎస్టేటు వైపు ఒక షెడ్డులో కుర్రాడు నా బుల్లెట్టు సిలిండరు ఊడదీసి, బనీను గుడ్డతో లోపల తుడిచి, నా బొటనవేలు పట్టుకుని గోడ మీద రుద్దించినాడు. పై అంచు దగ్గర గోరుకు చిన్న గట్టు తగిలింది. పిస్టను ఆడినంత మేరా అరిగి, ఆడని చోట అరగకుండా మిగిలిన గట్టు అది. పాత 350 బుల్లెట్టుకు బోరు 70 మిల్లీమీటర్లు. అరిగితే గోడను పావు మిల్లీమీటరో అరనో తొలిచి, అంత లావు పిస్టను వేస్తారు. అదే బోరు చేయడం. నా సలహా: చేయించకండి. ఇంజనాయిలు పోస్తూ పోండి. వెనక నుంచి వచ్చే పొగకు దోమలు రావు, అప్పులవాళ్లూ రారు. నేను రెండేళ్లు అట్లానే నడిపి, ఆనక పిస్టనుతో పాటు కనెక్టింగ్ రాడ్డు కూడా కొన్నాను.

తుపాకీ బోరు గురించి బస్సులో మాట్లాడొద్దు. పౌను సీసంతో గొట్టానికి సరిపడే గుండ్లు పన్నెండు పోస్తే ఆ గొట్టం పన్నెండు బోరు. అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. ఈ లెక్క మీకు తెలుసని తెలిస్తే, కర్నూలు మనిషి కదా, సినిమాలు చూసినవాళ్లు పక్క సీటు ఖాళీ చేస్తారు. సీటు కావాలంటే మాత్రం మాట్లాడొచ్చు.

ఇక అసలు బోరు. దీనికి ముందుగా ఎవర్ని అడగాలంటే, భూగర్భ జలశాఖను తప్ప ఎవర్నయినా సరే. వాళ్లు నాలుగు ఇనప కడ్డీలు పాతి, కరెంటు పంపి, కింద రాయి ఎట్లుందో అంకెల్లో చెబుతారు. అంకెల మీద నమ్మకం ఎట్లా కుదురుతుంది? టెంకాయ అయితే అరచేతిలో పడుకున్నది పడుకున్నట్టే లేచి నిలబడుతుంది. మా మొదటి బోరుకు అట్లానే నిలబడింది, నా కళ్లతో చూశాను. పాయింటు పెట్టిన ఆయన, "తల్లి పిలుస్తాంది" అన్నాడు. రెండోదానికి వేపపుల్ల వంగింది. అనుమతి, రిజిస్ట్రేషను అంటూ 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం ఒకటి వచ్చిందట. రాత్రిపూట వేయిస్తే దాన్ని చదివే పనుండదు.

మూడోదానికి బండి పదకొండింటికి వచ్చింది. ఒకదాని వెనక ఒకటి రెండు లారీలు, ఒకటి కంప్రెసరుది. ఆరున్నర అంగుళాల బిట్టు. ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు దిగినప్పుడల్లా బండాయన నోటుపుస్తకంలో ఒక గీత గీస్తున్నాడు, ఐదోది అడ్డంగా. నూట ఎనభై దగ్గర పొడి తడిసి ముద్దగా వచ్చింది. పక్క చేలవాళ్లు టార్చీలు పట్టుకుని చేరినారు. "ఒకటిన్నర ఇంచు ఖాయమప్పా" అన్నాడొకాయన. మూడొందలకు మళ్లీ దుమ్ము. అక్కడ ఆపి ఉంటే ఆ తడి అయినా దక్కేదేమోనని ఇప్పటికీ అనిపిస్తుంది. రాతినేలలో నీళ్లుండేది పగుళ్లలో. లోతుకు పోయేకొద్దీ పగుళ్లు తగ్గుతాయి, అడుగు రేటు మాత్రం పెరుగుతుంది. కాబట్టి ఎప్పుడూ ఇంకో వంద పోనివ్వండి. మేం పోనిచ్చాం. ఐదొందలు, ఆరొందలు. పనిపిల్లవాడు గొట్టం పక్కన చెయ్యి పెట్టి పట్టిన పొడి తెచ్చి చూపించినాడు. ముఖానికి వేసుకునే పౌడరు మాదిరి మెత్తగా, తెల్లగా ఉంది. వాడి కనుబొమలు కూడా తెల్లగా అయిపోయి ముసలాయన లాగా ఉన్నాడు.

నీళ్లు పడని బోరును ఏం చేయాలనే దానికి మాత్రం నా దగ్గర తమాషా సలహా లేదు. ఆరున్నర అంగుళాల గుంతే కదా అనుకుంటారు, పిల్లలు పట్టేది ఆ గుంతలోనే. పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మేం మూడింటినీ మట్టితో, రాళ్లతో అంచు దాకా పూడ్చినాం. మీరు కూడా తెల్లారకముందే పూడ్చండి.

ఆ రాత్రి మూడోదానికి ఎనిమిదొందలకు ఇంజను ఆపినారు. అంత సద్దు ఒక్కసారిగా నిలిచిపోయేసరికి చెవుల్లో గుయ్‌మంటా ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. బండాయన పుస్తకం టార్చి కింద పెట్టి గీతలు కూడినాడు. నలభై రాడ్లు. మొదటి మూడొందలకు ఒక రేటు, ఆపైన వందకొక రేటు. నేను డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చినాను. ఆయన జేబులో పెట్టుకుని, "ఆ చింతచెట్టు పక్కన ఇంకో పాయింటు చూస్తారా సార్? బండి ఎట్లాగూ ఇక్కడే ఉండాది" అన్నాడు.

నేను వద్దనే లోపల మా నాన్న సంచిలో చెయ్యి పెట్టి టెంకాయ కోసం వెతుకుతున్నాడు.