ట్రాయ్ వారి సముఖమునకు ఒక మాజీ లస్కరు విన్నపము

మహారాజరాజశ్రీ భారత టెలికాం నియంత్రణ సంస్థ అధ్యక్షులవారి దివ్యసముఖమునకు, గోదావరి డెల్టాలో ముప్పదియేండ్లు కాలువ లస్కరుగా తూములెత్తి దించి, ప్రస్తుతము అరుగుమీద కాలక్షేపము చేయుచున్నవా డొకడు చేసికొను విన్నపము.

చూచెడు విషయమునుబట్టి డేటా వెల మార్చరాదని తమరు 2016 ఫిబ్రవరి 8వ తేదీన శాసించి, ఉచితమను ఎరతో ఏరిన సైట్లను మాత్రమే చూపబూనిన ఫేస్‌బుక్కువారి ఫ్రీ బేసిక్స్‌ను సాగనంపినప్పుడు, ఆసామి ముఖము చూచి నీటితీరువా కట్టరాదన్న మా శాఖాధర్మము ఢిల్లీలోను తెలిసినవారున్నారని మురిసితిని. అయితే ఉల్లంఘనకు దినమునకు 50 వేల రూపాయలు, మొత్తముమీద 50 లక్షలకు మించరాదన్న జరిమానాను కాగితముపై గుణించి చూడగా, నూరవ దినముతో దండన పరిసమాప్తమై, నూటయొకటవ దినమునుండి పాపము ఉచితమగుచున్నది. ఉచితములను నిషేధించిన శాసనములోనే ఇంతటి ఔదార్యము దాగియుండుట చమత్కారము.

వెల సంగతి అటుండనిండు. నా గోడు వేగమును గూర్చినది. 2018లో ప్రభుత్వ మంగీకరించిన సూత్రముల ప్రకారము సేవాదారు దేనిని అడ్డగింపరాదు, దేనిని మందగింపజేయరాదు, దేనికిని అగ్రతాంబూల మీయరాదు. రద్దీవేళ సర్దుబాటు మాత్రము చేసికొనవచ్చును, అదియు అవసరమైనంతే, అవసరమైనంతసేపే, పదుగురికి తెలియునట్లుగా. ఇది నాకు క్రొత్త విద్య కాదు. దాళ్వాలో నీరు చాలనప్పుడు ఎగువవారికి మూడు దినములు, శివారువారికి మూడు దినములు వంతులు పెట్టితిమి. ఇరువురిచేతను తిట్లు తింటిమి. కాని వంతుల పట్టిక లాకు గోడపై అంటించితిమి, నమ్మనివాడు అర్ధరాత్రి లాంతరు పట్టుకొనివచ్చి తూము తలుపు ఎన్ని అంగుళములు లేచినదో కొలుచుకొనిపోయెడివాడు.

ఇప్పుడు మా యింట సాయంకాలము ఏడు గంటలకు మనుమరాలి పాఠము తెరపై గిరగిర తిరుగుచుండగా, సేవాదారుని సొంత సినిమాలు నిండుకాలువవలె పారుచుండుట చూచి ఫోను చేయగా, "ట్రాఫిక్ అండీ తాతగారూ" అని యొక కుఱ్ఱవాడు సెలవిచ్చెను. నిజమే కావచ్చును: సినిమాల ప్రతులు ఊరిచెరువువలె చేరువ సర్వరులోనే నిలువయుండి, పాఠము సముద్రములు దాటి రావలసియుండవచ్చును, అట్టి నిలువలను తమ నియమములును మినహాయించినవి. లేక, ఎవడో తూమే దించియుండవచ్చును. నాయొద్ద లాంతరున్నది; తూము కనబడదు.

ఈ సర్దుబాట్లను కనిపెట్టియుండుటకు సేవాదారులు, పరిశోధకులు, వినియోగదారులు మొదలగువారితో ఒక మండలి కావలెనని 2020 సెప్టెంబరులో తమరే సిఫారసు చేసియున్నారు. అందులో లస్కరు ఉద్యోగ మేదైన ఉన్నయెడల, నాకు డెబ్బదిరెండేండ్లు వచ్చినను చూపు సరిగానే యున్నదని మనవి. జీతమక్కరలేదు; డేటా ఇప్పించిన చాలును.

చిత్తగించవలెను.