చెరువు గట్టున 14 వేల గుడిసె

మా అమ్మ మట్టి గోడల ఇంట్లో నలభై ఏళ్లు కాపురం చేసింది. ఒక్కనాడూ ఎవరికీ అద్దె కట్టలేదు. మొన్న శనివారం అదే అమ్మను తీసుకెళ్లి ఒక్క రాత్రి మట్టి గోడల మధ్య పడుకోబెట్టినందుకు నాకు 14 వేలు వదిలింది. జీఎస్టీ వేరే.

దీనికంతటికీ కారణం మా ఆఫీసు హెచ్చార్ విభాగం. ఉద్యోగులు ఒత్తిడిలో ఉన్నారని, వారాంతాల్లో ఫోన్లు పక్కన పెట్టి ప్రకృతి ఒడిలో సేద తీరాలని వాళ్లొక మెయిల్ పంపారు. ఆ మెయిల్ వచ్చింది శుక్రవారం రాత్రి పదకొండున్నరకు. చదివినట్టు బదులివ్వాలని కింద రాశారు. బదులిచ్చాను. మా ఆవిడ అప్పటికే గది వెతికేసింది. వికారాబాద్ దాటాక ఒక చెరువు గట్టున 'రస్టిక్ లేక్‌సైడ్ క్యాబిన్'.

"రస్టిక్ అంటే ఏంది బిడ్డా?" అని అడిగింది అమ్మ.

"మోటుగ, పల్లెటూరి లెక్క ఉంటదమ్మా."

"మోటుగ ఉంటరనే గద పట్నపోళ్లు మనల్ని జూసి నవ్వేది?"

కారు స్టార్ట్ చేశాను. కొన్ని ప్రశ్నలకు అదే జవాబు.

చేవెళ్ల దారిలో రోడ్డుకు రెండు పక్కలా వందలాది మర్రిచెట్లు ఉంటాయి. రోడ్డు వెడల్పు చేయాలంటే వాటిని కొట్టాలా, ఉంచాలా అన్న గొడవ ఏళ్ల తరబడి నడిచింది. రోడ్డెందుకు వెడల్పు చేయాలి? కార్లు ఎక్కువయ్యాయి కాబట్టి. శనివారం పూట ఆ కార్లన్నీ ఎక్కడికి పోతున్నాయి? చెట్లు చూడ్డానికి. ఆ మాట మా ఆవిడతో అంటే, ముందున్న లారీని చూసి నడపమంది.

రిసెప్షన్‌లో ధరల పట్టిక చూశాక నాకు ఆర్థిక శాస్త్రం మీద ఉన్న నమ్మకం పోయింది. ఏసీ, టీవీ ఉన్న గది 6 వేలు. టీవీ లేకుండా ఉత్త ఫ్యాన్ ఉన్న కాటేజీ 9 వేలు. ఏసీ, టీవీ, ఫ్యాన్, ఫోన్ సిగ్నల్ ఏవీ లేని క్యాబిన్ 14 వేలు. లేకపోవడానికి ఇంత ధర పలుకుతుందని తెలిస్తే మా తాత కోటీశ్వరుడిగా పోయేవాడు. ఆయన దగ్గర లేనివి ఇంతకు పదింతలు.

"సార్, ఇది డిజిటల్ డీటాక్స్ జోన్. ఫోన్లు ఇందులో వేసేయండి" అని ఒకమ్మాయి నవ్వుతూ వెదురు బుట్ట చాపింది. నలుగురివీ వేసేశాం. "థాంక్యూ సార్, ఇప్పుడు మీ ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, చెప్పండి" అంది. బుట్టలోంచి నా ఫోన్ తీశాను. ఓటీపీ రాలేదు, సిగ్నల్ లేదు. ఆ అమ్మాయి కిటికీలోంచి దూరంగా ఒక బండరాయి చూపించింది. "అదిగో, ఆ బండ ఎక్కితే వస్తుంది సార్."

ఎక్కాను. అప్పటికే అక్కడ పదకొండు మంది ఉన్నారు. ఒకాయన లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, వెనక చెట్టు కనపడకుండా కెమెరా సర్దుకుంటూ, ఇంట్లోనే ఉన్నానని ఎవరికో చెబుతున్నాడు. ఒకావిడ అందరికీ దూరంగా ఎంత హాయిగా ఉందో వివరిస్తూ లైవ్ పెట్టింది. ఆ రెండు రోజుల్లో మేం మనుషులతో మాట్లాడింది, పరిచయాలు పెంచుకుంది, రాజకీయాలు చర్చించింది అంతా ఆ బండ మీదే. పల్లెటూళ్లలో ఎప్పుడో మాయమైన రచ్చబండను ఆ రిసార్ట్ తనకు తెలియకుండానే బతికించింది. దానికి మాత్రం ఛార్జీ వేయలేదు. ఈ కాలమ్ వాళ్ల కంట పడితే వేస్తారు.

క్యాబిన్‌లోకి వెళ్లగానే అమ్మ గోడను వేలి కణుపుతో కొట్టి చూసింది. "లోపట సిమెంటున్నది. పైన మట్టి పూసిండ్రు" అని తేల్చింది. మా ఊళ్లో మట్టి గోడకు సిమెంటు పూయించడానికి మా నాన్న రెండేళ్లు చిట్టీ కట్టాడు. ఇక్కడ సిమెంటు గోడకు మట్టి పూయించడానికి బెంగళూరు నుంచి ఆర్కిటెక్టును పిలిపించారట. మూలన కందిలి వేలాడుతోంది, లోపల ఎల్‌ఈడీ బల్బు. ఇసుర్రాయి మీద అద్దం పరిచి టీపాయ్ చేశారు. రోట్లో పూలు తేలుతున్నాయి, పక్కన 'దయచేసి తాకరాదు' అని బోర్డు. "దాన్ని తాకీ తాకీ నా రెట్టలు వడిపోయినయ్, ఇప్పుడు తాకొద్దంటున్నరా?" అంది అమ్మ. మా వాడు అప్పటికే వైఫై పాస్‌వర్డ్ కోసం గోడలన్నీ వెతుకుతున్నాడు.

వెబ్‌సైట్‌లో చెరువు గుమ్మానికి ఇరవై అడుగుల్లో ఉంది. తీరా చూస్తే అరకిలోమీటరు అవతల ఉంది. మేనేజర్‌ను అడిగాను. "ఫొటో చెరువు నిండినప్పుడు తీసింది సార్. వానలు పడితే అదే వస్తుంది" అన్నాడు. ప్రతి చెరువుకూ నిండితే ఎంత వరకు వస్తుందో ఒక హద్దు ఉంటుంది. అధికారులు దాన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. ఇక్కడ నీళ్లు ఆ హద్దు దాకా రాలేదని మాలాంటి అతిథుల ఫిర్యాదు. హైదరాబాద్‌లో మా ఫిర్యాదు దీనికి సరిగ్గా ఉల్టా. ఆ సంగతి చివర్లో చెబుతాను.

భోజనం దగ్గర 'విలేజ్ ప్లాటర్' పెట్టారు. జొన్నరొట్టె ఒక్కోటి 120. చేసే వంటాయన ఒడిశా నుంచి వచ్చాడు, రొట్టె కొట్టడం వీడియో చూసి నేర్చుకున్నాడు. అమ్మ మొదటి ముక్క నోట్లో పెట్టుకుని లేచి తిన్నగా వంటింట్లోకి నడిచింది. పది నిమిషాల్లో అక్కడ జనం మూగారు. అమ్మ రొట్టెలు కొడుతోంది, రచ్చబండ బృందమంతా వీడియోలు తీస్తోంది, మేనేజర్ దానికి 'లైవ్ కౌంటర్' అని అప్పటికప్పుడు బోర్డు రాయించాడు. మర్నాడు బిల్లు చూస్తే మా అమ్మ కొట్టిన రొట్టెలు మేం తిన్నందుకు 960 వేశారు. అడిగితే, అథెంటిక్ రొట్టెలకు వేరే రేటు ఉంటుందని, మనవాళ్లు కదా అని పాత రేటే వేశామని మర్యాదగా చెప్పారు.

సాయంత్రం మంచినీళ్లు తెచ్చిన కుర్రాడితో మాట కలిపాను. వాళ్ల ఊరు చెరువు అవతలి గట్టున. "అగో, ఆ గులాబీ రంగు డాబా మాదే సార్. పోయినేడు ఏసీ గూడ పెట్టించినం" అన్నాడు. అంతకుముందు పెంకుటిల్లు ఉండేదట. కూల్చి స్లాబ్ వేశారు. మరి పాత కర్ర, దర్వాజాలు, పెంకులు ఏం చేశారని అడిగాను. అతను మా క్యాబిన్ తలుపు వైపు చూపించాడు. "వీళ్లే కొన్నరు సార్. ఆ దర్వాజ మా తాత చేయించిండు." ఎంతకు కొన్నారని అడిగితే నాలుగు వేలన్నాడు. అంటే మూడు తరాలు తెరిచి మూసిన తలుపు ధర, దాని వెనక నేనొక్క రాత్రి పడుకున్న ధరలో మూడో వంతు కూడా లేదు.

అప్పుడు నాకు థోరో గుర్తొచ్చాడు. చెరువు గట్టున క్యాబిన్ అనగానే చదువుకున్నవాళ్లు చెప్పుకునే మూలపురుషుడు ఆయనే. 1845 జులై 4న అమెరికాలోని మసాచుసెట్స్‌లో వాల్డెన్ అనే చెరువు పక్కన కట్టుకున్న గదిలోకి వెళ్లి, రెండేళ్లకు పైగా నిరాడంబరంగా బతికి, దాని మీద ఒక పుస్తకం రాశాడు. స్థలం ఆయన మిత్రుడు ఎమర్సన్‌ది. అమ్మగారిల్లు నడిచి వెళ్లేంత దూరమే, భోజనానికి వెళ్లొస్తుండేవాడు. ఇల్లు కట్టడానికి 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లు అయిందని అర సెంటుతో సహా లెక్క చూపాడు. నాకు గుర్తొచ్చింది అందులో ఒక పద్దు. గోడలకు పలకల కోసం ఆయన రైలు మార్గం పనిలో ఉన్న ఒక ఐరిష్ కూలీ గుడిసెను 4 డాలర్ల 25 సెంట్లకు కొని ఊడదీశాడు. ఆ తెల్లవారి ఆరింటికి ఆ కుటుంబం ఉన్నదంతా ఒక పెద్ద మూట కట్టుకుని వెళ్లిపోతూ దారిలో ఎదురైందని ఆయనే రాశాడు. వాళ్ల పిల్లి తర్వాత అడవి పట్టి ఏమైందో కూడా రాశాడు. వాళ్లేమయ్యారో రాయలేదు. ఆ లెక్కన మంచినీళ్ల కుర్రాడు అదృష్టవంతుడు. గుడిసె అమ్ముకున్నాక అతని చేతికి డాబా వచ్చింది, నా చేతికి గుడిసె వచ్చింది. బేరంలో ఎవరు గెలిచారో చెప్పడానికి థోరో అక్కర్లేదు.

రాత్రి తొమ్మిదికి నిశ్శబ్దం మొదలైంది. తొమ్మిదీ పదికి పక్క రిసార్ట్‌లో డీజే మొదలైంది. ఎవరిదో సంగీత్, ప్రకృతి ఒడిలో. కప్పలు కాసేపు పోటీ పడి ఊరుకున్నాయి. దోమలు మాత్రం పాట ఏదైనా పని ఆపలేదు. మా ఆవిడ దుప్పటి ముసుగులోంచి 'అనుభూతి బాగుంది కదండీ' అంది. ఔనన్నాను. 14 వేలు కట్టాక ఎవరైనా ఔననే అంటారు.

రాత్రి రెండింటికి అమ్మ నన్ను తట్టి లేపింది. "బిడ్డా, కారు తాళం జెవి ఇయ్యి. ఏసీ లేకుంటే నాకు నిద్ర వడ్తలేదు." మా నలుగురిలో మట్టింటి బతుకు నిజంగా ఎరిగిన మనిషి ఆమె ఒక్కతే. ఆమె వెనక సీట్లో నిద్రపోయింది, నేను ముందు సీట్లో కూర్చుని తెల్లవార్లూ డీజిల్ కాల్చాను. కాలుష్యం లేని గాలి కోసం వెళ్లిన ప్రయాణం అది.

ఆదివారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. అనంతగిరి కొండలు దిగుతుంటే మావాడికి ఇక్కడే మూసీ పుడుతుందని చెప్పాను. వాడు నమ్మలేదు. మూసీ అంటే వాడికి కారు అద్దాలు ఎత్తుకోవాల్సిన చోటు. ఇదే నది 1908 సెప్టెంబరులో నగరాన్ని ముంచిందని, ఆ తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మీద గండిపేట, హిమాయత్‌సాగర్ జలాశయాలు కట్టారని, వాటిని కాపాడ్డానికి 1996లో 111 జీవో తెచ్చి 84 ఊళ్లలో కట్టడాలకు హద్దులు పెట్టారని చెప్పుకుంటూ వచ్చాను. "మరి మన అపార్ట్‌మెంట్ ఏ ఊరు డాడీ?" అన్నాడు. ఈసారీ కారు వేగం పెంచాను.

ఇల్లు చేరేసరికి సెల్లార్‌లో మోకాలి లోతు నీళ్లున్నాయి. మా అపార్ట్‌మెంట్ పేరులో 'లేక్ వ్యూ' ఉంది. పన్నెండేళ్ల కింద కొన్నప్పుడు చెరువేదని బిల్డర్‌ను అడిగితే కనిపిస్తుంది లెండి అన్నాడు. మాట తప్పలేదు. ఏటా వానాకాలం వచ్చి కనిపించి పోతోంది. మాకు చెరువు కనపడకపోవడానికి అసలు కారణం మేం దాని మీదే నిలబడి ఉండటం. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చి బుల్డోజర్లు తిరగడం మొదలయ్యాక మా వాట్సాప్ గ్రూపులో 'ఎఫ్‌టీఎల్' అన్న మూడక్షరాలు నిషేధించాం. 'సీపేజ్' అని రాయాలి.

నీళ్లలో మా వాచ్‌మన్, ఆయన భార్య బకెట్లతో తోడుతున్నారు. మెట్ల కింద రేకుల గదిలో వాళ్లుంటారు. గదిలో ఏసీ లేదు, టీవీ లేదు, మిట్టమధ్యాహ్నమైనా చీకటే, గుమ్మానికి అడుగు దూరంలో నీళ్లు. రిసార్ట్ పట్టిక ప్రకారం రాత్రికి 14 వేలు పలికే సదుపాయాలన్నీ ఉన్నాయి. మేమాయనకు నెలకు ఇచ్చేది 11 వేలు.

కనుక పాఠకులకు ఒక మనవి. చెరువు గట్టున మోటు బతుకు అనుభవించాలని ఉంటే వికారాబాద్ దాకా వెళ్లి డబ్బు తగలేయకండి. జులై నుంచి సెప్టెంబరు మధ్య వాన పడిన ఏ సాయంత్రమైనా మా సెల్లార్‌కు రండి. ప్రవేశం ఉచితం, సిగ్నల్ ఉండదు. పడవ, బకెట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.