టార్చి పట్టుకునే ఉద్యోగం

మా ఇంట్లో ఒక రాజ్‌దూత్ ఉంది. దాని మీద హక్కులన్నీ మా నాన్నవి. ఆసక్తంతా మా అమ్మాయిది. నాకు దక్కింది టార్చి.

నా చిన్నప్పుడు నాన్న రాత్రిళ్లు బండి విప్పేవాడు. పగలంతా తునికాకు కల్లాల మీద తిరిగొచ్చేవాడు కాబట్టి రిపేరుకి రాత్రే తీరిక. "ఒరేయ్, టార్చి పట్టుకో" అనేవాడు. పట్టుకునేవాణ్ణి. "అక్కడ కాదురా, ఇక్కడ!" ఆ ఇక్కడ ఎక్కడో ఆయనకే తెలుసు. నేను వెలుగు వేసిన చోట నట్టు ఉండేది కాదు, నట్టున్న చోట నా వెలుగు పడేది కాదు. రిపేరు నేర్చుకోవలసిన వయసంతా అలా గడిచిపోయింది. మొన్న వేసవి సెలవుల్లో, తొమ్మిదో తరగతికొచ్చిన మా బుజ్జి అదే బండి ముందు గొంతుక్కూర్చుని, వెనక్కి తిరక్కుండానే, "నాన్నా, ఫోన్ లైటు వెయ్యి. అబ్బా, అక్కడ కాదు, ఇక్కడ!" అంది. ఇన్నేళ్ల సర్వీసులో నాకు వచ్చిన ప్రమోషన్ అదీ, టార్చి నుంచి ఫోనుకి.

రాజ్‌దూత్ అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. ఆ రోజుల్లో మోటారు సైకిలంటే మద్రాసు బుల్లెట్టు, మైసూరు జావా, ఫరీదాబాదు రాజ్‌దూత్. బుల్లెట్టు ఆసాములకూ పోలీసులకూ, జావా షోకిలాలకూ, రాజ్‌దూత్ పాలవాళ్లకూ గుమాస్తాలకూ అని ఎవరూ జీవో ఇవ్వలేదు గానీ మా వైపు అలాగే అమలైంది. పోలండ్ దేశపు ఎస్‌హెచ్‌ఎల్ ఎం11 అనే బండి నమూనా తీసుకుని ఎస్కార్ట్స్ కంపెనీ 1960ల మొదట్లో దీన్ని చేయడం మొదలుపెట్టింది. 173 సీసీ, టూ స్ట్రోక్ ఇంజను, మూడే గేర్లు. 1973లో వచ్చిన 'బాబీ' సినిమాలో రిషి కపూర్ ఈ కంపెనీదే జీటీఎస్ అనే చిన్న బండి మీద డింపుల్ కపాడియాను తిప్పాడు. దాంతో జనం ఆ బండిని బాబీ అనే పిలిచారు. మా నాన్న బండి వెనక సీటు మీద మాత్రం ఎప్పుడూ ఆకు లెక్కల పుస్తకాలే ఊరేగాయి.

ఆయన తునికాకు కాంట్రాక్టరు దగ్గర గుమాస్తా. ఎండలు ముదిరాక దుమ్ముగూడెం, చర్ల అడవుల్లో ఆకు కోత మొదలయ్యేది. కట్టకు యాభై ఆకులు, వెయ్యి కట్టలైతే స్టాండర్డ్ బస్తా. కల్లంలో ఆరబోసిన ఆకు మీద వాన పడితే ఆ పంట బీడీకి పనికిరాదు. అందుకని ఆకాశంలో మబ్బు తునక కనిపిస్తే నాన్న అన్నం ముద్ద వదిలేసి కిక్కు కొట్టేవాడు. ఆ చప్పుడు విని కల్లం చూసుకునే కల్లేదారు ఆకు కుప్పలు ఎత్తించడం మొదలుపెట్టేవాడట. అంటే ఆ బండి ఒక రకంగా వాతావరణ శాఖ. దాని జోస్యం మాత్రం తప్పేది కాదు.

బండికి మా ఇంట్లో ఉన్న హోదా 1986 ఆగస్టులో బయటపడింది. మా భద్రాచలం దగ్గర గోదావరికి నలభై మూడు అడుగులైతే మొదటి హెచ్చరిక, యాభై మూడైతే మూడోది. ఆ ఏడు 75.6 అడుగులొచ్చింది. ఇప్పటికీ అదే రికార్డు. నీళ్లు వీధి మొదట్లోకి రాగానే నాన్న ముందు బండిని తోసుకెళ్లి మిట్ట మీదున్న స్నేహితుడి వరండాలో పెట్టొచ్చాడు. తర్వాత బియ్యం బస్తా. ఆ తర్వాత మమ్మల్ని. మధ్యలో ఒకసారి బండి మీద గుడ్డ కప్పడం మరిచిపోయానని మళ్లీ వెళ్లాడని మా అమ్మ అంటుంది. ఆయన ఒప్పుకోడు. నలభై ఏళ్లుగా ఆ కేసు పెండింగులోనే ఉంది.

తర్వాత ఫోర్ స్ట్రోక్ బళ్లొచ్చాయి, రాజ్‌దూత్ పశువుల కొట్టంలోకి పోయింది. అది చక్రం కదపకుండానే 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. దాని హెడ్‌లైటు డోములో మాత్రం ఒకే కోడి వంశం తరతరాలుగా కాపురం చేసింది. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులకొచ్చినప్పుడు మమ్మల్ని క్షేమంగానే తరలించారు గానీ, బండిని తరలించే మోకాళ్లు నాన్నకు లేవు. నీళ్లు తీశాక చూస్తే పిస్టన్ బిగుసుకుపోయింది.

మొన్న వేసవిలో బుజ్జి బండిని బాగుచేసే పనికి దిగగానే, ఆ పిస్టనే మా ఇంట్లో మొదటి రాజకీయ సంక్షోభమైంది. ప్లగ్గు విప్పి డీజిలు పోసి నానబెట్టాలన్నాను నేను. బుజ్జి ఏదో వీడియో చూసి ఇంకేదో నూనె ఆన్‌లైన్లో తెప్పించింది. ఈలోగా చర్ల వైపు నుంచి నాన్న పాత స్నేహితుడు, ఒకప్పటి కల్లేదారు, ఒక కోయ పెద్దాయన, చూడ్డానికొచ్చాడు. వస్తూ సీసాలో ఇప్ప నూనె తెచ్చాడు, నాన్న మోకాళ్లకు రాసుకోవడానికి. సగం నాన్నకు రాసి, మిగిలింది వేడి చేసి సిలిండర్లో పోయించాడు. "నొప్పి నొప్పే గదా" అన్నాడు. కొన్నాళ్లకు కిక్ రాడ్ కిందికి దిగింది. డీజిలు వల్ల, వీడియో నూనె వల్ల, ఇప్ప నూనె వల్ల అని ఇంట్లో మూడు పార్టీలు ఏర్పడ్డాయి. నాన్న ఇప్ప నూనె పార్టీలో చేరాడు, కారణం ఆయన మోకాలు కూడా అదే వారం వంగింది.

రెండో గొడవ సీబీ పాయింట్ల దగ్గర. వాటి మధ్య మిల్లీమీటరులో సగం కూడా లేని సందు ఉండాలి, అది తేడా వస్తే స్పార్క్ వేళకు పడదు. బుజ్జి దగ్గర ఫీలర్ గేజ్ ఉంది. నాన్న వరండాలో పడక్కుర్చీలోంచే, "శుభలేఖ ముక్క పెట్టి చూడమ్మా, సరిగ్గా పట్టిందంటే చాలు" అన్నాడు.

"ఎవరి శుభలేఖ, తాతయ్యా?"

ఆ ప్రశ్న విని ఆయన మొదట నవ్వాడు గానీ, అది లేవదీసింది అసలైన ఇంజనీరింగ్ సమస్య. ఆ కాలపు పసుపురాసిన పలచటి కార్డు వేరు, ఇప్పటి పెళ్లిళ్ల అట్టపెట్టెలు వేరు. ఇప్పటి శుభలేఖ పెడితే పాయింట్లే కాదు, ఇంజనే తెరుచుకుంటుంది. ఇల్లంతా వెతికి మా పెళ్లి శుభలేఖ తీశారు. గేజుతో కొలిచి చూసి, "సరిపోయింది నాన్నా, మీరు అప్పుడే పొదుపు చేశారు" అంది బుజ్జి. మా ఆవిడ వంటింట్లోంచి, అది పొదుపు కాదనీ, అప్పట్లో మా నాన్న పిసినారితనమనీ చరిత్ర సవరించింది.

ట్యాంకులో తుప్పు మా అమ్మ చింతపండు పులుసుతో వదిలించింది, ఇత్తడి బిందెలు తోమిన చేత్తోనే. సైలెన్సర్లో పేరుకున్న మసి మంటలో కాల్చి పోగొట్టాలి. ఆ పని వీధిలో పెట్టుకున్నాం. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగంమందికి ఒకప్పుడు రాజ్‌దూత్ ఉండేది, మిగతా సగానికి అది ఉన్న బావమరిది ఉండేవాడు. ఒక్కొక్కరూ ఒక్కో సలహా, ఒక్కో టీ. స్పేరు పార్టులు విజయవాడ ఆటోనగర్లో దొరికాయి. కానీ ఖర్చులో పెద్ద పద్దు పాలూ పంచదారే.

ఖర్చంటే గుర్తొచ్చింది. మా ఊళ్లో ఖర్చుల లెక్క చెప్పుకోవడం ఒక సంప్రదాయం. భక్త రామదాసు ఖజానా సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ చెరసాలలో పడ్డాక, ఏ నగకు ఎంతయిందో రాముడికే ఏకరువు పెట్టాడు. నేనూ ఒకరోజు పిస్టన్ రింగులకింత, క్లచ్ ప్లేట్లకింత అని మొదలుపెట్టాను. నా రాముడు పడక్కుర్చీలో నిద్రపోయాడు.

తిరగాలంటే రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన ద్విచక్ర వాహనానికి 2025 ఆగస్టు నుంచి రెన్యువల్ రుసుము 2000 రూపాయలు. అదీ కట్టాం. ఇక నడపడం. ఇంట్లో గడువున్న లైసెన్సు నా ఒక్కడికే. నాన్నది ఎప్పుడో తీరిపోయింది, బుజ్జికి ఇంకా వయసు రాలేదు. ఇన్నాళ్లకు ఇద్దరూ నా మీద ఆధారపడ్డారు. ఆ మాట నేను పైకి అనలేదు గానీ కొత్త హెల్మెట్ కొన్నాను.

పర్ణశాల దాకా అనుకున్నాం. పెట్రోల్లో లీటరుకు నలభై మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ నాన్నే స్వయంగా కలిపాడు. వెనక బుజ్జి కూర్చుంది. నాన్న ఆటోలో వెంట వస్తూ తల బయటపెట్టి, "రెండు! రెండుకి దించరా! క్లచ్ పట్టు!" అని అరుస్తున్నాడు. ప్రాజెక్టు కింద మునిగే మండలాలను ఆంధ్రలో కలిపినప్పుడు భద్రాచలం పట్టణాన్ని మాత్రం తెలంగాణలోనే ఉంచారు కనుక, మేము పొరుగు మండలానికి పోవాలన్నా పొరుగు రాష్ట్రం దాటాలి. సరిగ్గా ఎటపాక దగ్గర, ఆంధ్రలోకి అడుగుపెట్టామనగా, బండి ఆగింది. క్షణంలో పెద్దమనుషులు చేరారు, కొందరు ఆ రాష్ట్రంవాళ్లు, కొందరు ఈ రాష్ట్రంవాళ్లు. ఆస్తుల పంపకంలో ఇంతవరకు కుదరని ఏకాభిప్రాయం అక్కడ రెండు నిమిషాల్లో కుదిరింది, ప్లగ్గులో కార్బన్ పట్టిందని. బుజ్జి విప్పి, గీకి, బిగించింది. "ఎవరి పిల్లమ్మా?" అని ఒకాయన అడిగితే నాన్న ఆటోలోంచి, "నా మనవరాలు" అన్నాడు. మధ్యలో ఇంకొక తరం ఉన్నట్టు ఎవరికీ తట్టలేదు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మా అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. బండిని ఎగాదిగా చూసి, "నడుస్తోంది గదా. ఇప్పుడు తేల్చండి. ఈసారి గోదారొస్తే ముందు ఎవరిని మిట్టెక్కిస్తారు? కాగితం మీద రాసివ్వండి" అంది. నాన్న గొంతు సవరించుకుని పేపరు చదవడంలో పడ్డాడు. బుజ్జి నోటుపుస్తకం తెచ్చి గబగబా రాసేసింది. ఒకటి: నాయనమ్మ, బండి వెనక సీటు మీద. రెండు: అమ్మ, బియ్యం బస్తా, ఆటోలో. మూడు: తాతయ్య, అదే ఆటోలో, తల లోపలే పెట్టుకోవాలి.

"మరి నేను?" అన్నాను.

కాగితం తిప్పి చూసి, "పడవలొస్తాయి గదా నాన్నా" అంది.